పదకొండు అగ్గిపెట్టెలు

మా ఇంట్లో ఎవరూ చుట్ట కాల్చరు.
పొయ్యి కూడా మీట నొక్కితే చిటుక్కున అంటుకుంటుంది.
అయినా వంటింటి గూట్లో, తేనె సీసా పక్కన
పదకొండు అగ్గిపెట్టెలు.

తప్పు నాదే.
ఆ అక్టోబరులో, మంగళవారం బస్సెక్కి
బ్రగాన్సాలో కొత్తగా తెరిచిన అద్దాల బజారుకెళ్ళాను.
సబ్బుపొడి, బియ్యం, ఎండుచేప.
మూడు యూరోల నలభై సెంట్లు మిగిలాయి.
వచ్చేటప్పుడు మాత్రం
ఎతెల్వినా కొట్టు ముందునుంచి రాలేక
చర్చి వెనక పందుల దొడ్డి సందులోంచి
సంచీని కోటు కింద దాచుకుని
అరవై ఎనిమిదేళ్ళ దొంగనై ఇల్లు చేరాను.
సందు మలుపులో బెల్మీరు ఎదురుపడ్డాడు.
వాడి కోటు కిందా ఏదో ఉబ్బెత్తుగా ఉంది.
ఇద్దరం కాసేపు వాన గురించి మాట్లాడుకున్నాం.

ఆ కొట్టు చెప్పుకోదగ్గదేం కాదు.
ఒక బల్ల, ఒక కాటా, ఎండుచేపను కోసే ఇనప కత్తి.
గుడ్డు ఒక్కటే చాలన్నా ఇస్తుంది,
కొవ్వొత్తి సగానికి కోసిమ్మన్నా ఇస్తుంది.
పింఛను ఆలస్యమైనవాళ్ళ పద్దులు
నీలం అట్ట పుస్తకంలో పెన్సిలుతో రాస్తుంది.
పెన్నుతో రాయవేం అని అడిగితే
"పోయినవాళ్ళవి తుడిచెయ్యాలి కదా" అంటుంది.

ఎవరేం కొన్నారో ఏ మరైనా చెబుతుంది.
ఎవరు కొనలేదో ఆమెకే తెలుసు.
పై వీధి జుల్మీరా రెండ్రోజులు రొట్టెకు రాలేదని
శనగలు కాటాలో శనగల్లాగే వదిలేసి
చెక్క చెప్పులు టకటకలాడిస్తూ ఎగువకు పరిగెత్తింది.
మెట్ల కింద తుంటి విరిగి పడున్న ముసలమ్మ
కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట:
"రొట్టె తెచ్చావా?"
తెచ్చింది.

జనవరిలో కబురు పొక్కింది,
కొట్టు మూసేస్తుందట.
ఎవరూ సభ పెట్టలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.
మర్నాటినుంచి మాత్రం ఊరు ఊరంతా
అగ్గిపెట్టెలు కొనడం మొదలెట్టింది.
అన్నిటికన్నా చవక, పాడయ్యేదీ కాదు,
కొంటే జాలిపడ్డట్టూ ఉండదు,
అనుకున్నాం.

పదకొండోది అడిగిన రోజు
ఎతెల్వినా కళ్ళజోడు నుదుటి మీదకి తోసి
"అందరూ కలిసి అడవి తగలెడతారేంట్రా?" అంది.
"చర్చి మెట్ల మీద చెయ్యి చాచి కూర్చున్నానా నేను?
ఇది కొట్టు. అక్కర్లేనిది కొనకు.
అక్కరున్నది లేకపోతే లేదని నోరు తెరిచి చెప్పు,
తెప్పించడం చేతకాకపోతే అప్పుడు మూస్తాను."

చెమటలు పట్టాయి నాకు.
ముప్పై ఏళ్ళుగా మింగుతున్న మాట
అప్పుడే, ఆ బల్ల దగ్గరే, బయటపడింది:
"నీ కాఫీ కిరసనాయిలు వాసన కొడుతుంది ఎతెల్వినా."

ఇనప కత్తి వైపు చూశాను. ఆమె చూడలేదు.
కాఫీ డబ్బా మూత తీసి వాసన చూసింది.
మళ్ళీ చూసింది.
కింది అరలోని కిరసనాయిలు క్యాను ఎత్తి
మోసుకెళ్ళి పెరట్లో కట్టెల పక్కన పెట్టొచ్చింది.
"ముప్పై ఏళ్ళా?" అంది మెల్లగా.
"ముప్పై ఏళ్ళూ తాగావా?"

తాగాను.

ఆ వారమే తలుపు వెనక ఒక అట్టముక్క వేలాడింది.
బెల్మీరు రంపం బ్లేడు రాశాడు.
ఎవరో చెవి మిషను బ్యాటరీలు, ఎవరో మేక మెడకు గంట.
పోస్టు తెచ్చే కుర్రాడు, వేళాకోళానికి, పెళ్ళికూతురు అని రాస్తే
దాని పక్కన ఆమె పెన్సిలుతో
"సరుకు లేదు, అడిగి చెబుతా" అని రాసింది.

అగ్గిపెట్టెలా?
నవంబరులో చెస్ట్‌నట్‌లు కాల్చే రాత్రి
గొంగళ్ళు కప్పుకుని వచ్చిన ప్రతివాడి జేబూ గలగలమంది.
ఒక్క మంటకు అన్ని పుల్లలు ఎందుకని
ఎవరూ ఎవర్నీ అడగలేదు.

అబద్ధమెందుకు, సబ్బుపొడి ఇప్పటికీ బ్రగాన్సాలోనే చవక.
కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళినప్పుడు తెచ్చుకుంటాను.
కాకపోతే పందుల దొడ్డి సందులోంచి రాను.
సంచీ చేత్తో ఊపుకుంటూ కొట్టు ముందునుంచే వస్తాను.
ఆమె గుమ్మంలోకి వచ్చి సంచీలోకి తొంగిచూసి
"ఎంతకిచ్చాడు?" అంటుంది.
చెబుతాను.
చెవి మీది పెన్సిలు తీసి
ఎక్కడో రాసుకుంటుంది.